నోటరీ కాగితంతో డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు కొనొచ్చా?

ప్రశ్న: కొల్లూరు డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లలో అద్దెకుంటున్నాం. ఇల్లు మంజూరైనావిడ వేరేచోట ఉంటోంది. స్టాంపు కాగితం మీద రాసి, నోటరీ చేయించి మాకే అమ్ముతానంటోంది. ధర బాగా తక్కువ. కొనుక్కోవచ్చా?
— ఒక పాఠకురాలు, సంగారెడ్డి జిల్లా

జవాబు: కొనకండమ్మా. ఆ ఇంటిని ప్రభుత్వం ఓ పేద కుటుంబం కాపురం ఉండడానికి ఉచితంగా ఇచ్చింది. అమ్ముకునే హక్కు ఆవిడకే లేనప్పుడు మీకెలా సంక్రమిస్తుంది? అద్దెకివ్వడమూ నిబంధనలకు విరుద్ధమే. తనిఖీలో బయటపడితే కేటాయింపు రద్దు కావచ్చు. అప్పుడు మీరూ సామాను సర్దుకోవాల్సిందే.

నోటరీ ముద్ర పడితే చాలు, మనవాళ్లకు కొండంత ధైర్యం! నోటరీ ధ్రువీకరించేది సంతకాన్ని, హక్కును కాదు. ఇల్లు చేతులు మారాలంటే రిజిస్టర్డ్ సేల్ డీడ్ ఉండాలి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), అగ్రిమెంటు, వీలునామా కలిపి రాయించుకున్నా యాజమాన్యం రాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. మీకు రిజిస్ట్రేషన్ దారే లేదు. ధర తక్కువ చెప్పడానికి కారణం అదే.

బయానా ఇప్పటికే ఇచ్చి ఉంటే రాతపూర్వకంగా వెనక్కి అడగండి. నగదుగా ఇచ్చారా? అయితే ఫోన్‌లో ఆవిడ పంపిన సందేశాలు చెరిపెయ్యకండి, అవే మీకు ఆధారం.

ఇల్లు కావాలంటే మీ పేరునే ప్రభుత్వాన్ని అడగండి. ఇందిరమ్మ పథకంలో సొంత జాగా ఉన్నవాళ్లకు కట్టుకోవడానికి విడతలుగా రూ.5 లక్షలు ఇస్తున్నారు. జాగా లేనివాళ్లది వేరే జాబితా, అక్కడ ఓపిక పట్టాలి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి, రసీదు తప్పకుండా తీసుకోండి.