గేజి చూసి ప్రవాహం చెప్పేవాళ్లకు

భద్రాచలం దగ్గర గోదావరి మట్టాన్ని బట్టి ప్రవాహం అంచనా కట్టే పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పే మాటలివి.

1. గీత కంటే ముందు చుక్కల్ని చూడండి. ఏ సూత్రమూ అనుకోకుండా మట్టం, డిశ్చార్జి (ప్రవాహం) కొలతల మధ్య నుంచి నునుపైన గీత లాగడమే నాన్‌పారామెట్రిక్ రిగ్రెషన్. 1964లో గణాంకవేత్తలు నదరాయా, వాట్సన్ ఎవరికి వారు చూపిన దారి ఇది. గీత ఆకారం గురించి ఏమీ అనుకోని మనం, చుక్కలు దానికి ఎంత దూరం చెదురుతాయో చెప్పే వేరియన్స్ మాత్రం అంతటా ఒకటేనని సద్దుచెయ్యకుండా అనేసుకుంటాం. వేసవిలో పడవ మీద నింపాదిగా తీసిన కొలతా, దుంగలు కొట్టుకొచ్చే వరదలో తీసిన కొలతా ఒకటెలా అవుతాయి?

2. కొలతల్ని మట్టం వరసలో పేర్చి, పక్కపక్క డిశ్చార్జిల తేడాను వర్గం చేసి సగం చెయ్యండి. అంత దగ్గరలో గీత పెద్దగా కదలదు కనుక మిగిలేది దాదాపు దోషమే. మట్టంతో పాటు ఆ విలువలూ పెరుగుతుంటే వేరియన్స్ ఒకటి కాదన్నమాట. ముందు గీత గీయకుండానే, ఇలాంటి తేడాలతో పరీక్షించే పద్ధతిని 1998లో డెట్టే, ముంక్ ఇచ్చారు. అయితే 53 అడుగుల మూడో హెచ్చరిక దాటాక చుక్కలు దూరదూరంగా పడతాయి. అప్పుడు గీత ఎక్కిన ఎత్తు కూడా తేడాలో కలిసి, దోషం వేషం కడుతుంది. ఇది చాలామంది కనిపెట్టరు.

3. పరీక్ష ఏ తేడా పట్టలేదని సంబరపడకండి. 1986 ఆగస్టులో వరద మట్టం 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3. ఆ ఎత్తులో చుక్కలే కరువైతే పరీక్ష మాత్రం ఏం పట్టుకుంటుంది?

4. పరీక్ష తేడా పట్టిందంటే తప్పు కొలిచినవాడి మీదికి నెట్టకండి. దిగువన కూనవరం దగ్గర గోదావరిలో కలిసే శబరి పొంగితే ఎగపోటు భద్రాచలం దాకా తగులుతుంది. అదే మట్టానికి ప్రవాహం తగ్గుతుంది. అది దోషం కాదు, లెక్కలో చేరని కారణం. కూనవరం మట్టాన్నీ చేర్చి మళ్లీ పరీక్షించండి.

5. అప్పటికీ తేడా పోకపోతే డిశ్చార్జికి లాగ్ తీసి చూడండి, తరచూ సర్దుకుంటుంది. లేదంటే అంచనా అటూ ఇటూ ఎంత కావచ్చో చూడడానికి, 1986లోనే గణాంకవేత్త వూ చూపిన ఆలోచన నుంచి వచ్చిన వైల్డ్ బూట్‌స్ట్రాప్ ఉంది: ఏ దోషాన్నీ దాని మట్టం నుంచి కదపకుండా, దాని ప్లస్, మైనస్ గుర్తును మాత్రం యాదృచ్ఛికంగా తిప్పుతారు. కలెక్టరేటుకు అంకె పంపేటప్పుడు 43 అడుగుల దగ్గర అటూ ఇటూ ఎంతో, 60 దగ్గర ఎంతో వేరువేరుగా రాయండి.