రసీదులో ఉన్న మాట

పంచాయతీ బిల్లు కలెక్టరు వచ్చాడు. ఇంటి పన్ను కట్టించుకున్నాడు. రసీదు ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఇది ఏటా జరిగేదే. ఏటా ఆ ఇల్లాలు రసీదును మడిచి దేవుడి పటం వెనక దోపేది. ఈసారి దోపలేదు. అరుగు మీద కూర్చుంది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నాక ఆమెకు ఇదొక అలవాటైంది. బస్సు మీద ఊరి పేరు, సబ్బు మీద ధర, ఏది కనపడితే అది చదువుతుంది.

"ఇంటి పన్ను, 300." ఇది తెలిసిందే. కింద నీటి పన్ను ఉంది. లైట్ల పన్ను ఉంది. ఇంకో మాట కూడా ఉంది. ఆ మాట రెండుసార్లు చదివితే గానీ నోరు తిరగలేదు.

"గ్రం... థా... ల... య... పన్ను. 24."

సాయంత్రం కూతురు కాలేజీ నుంచి వచ్చింది. టౌనులో డిగ్రీ చదువుతోంది. చెప్పులు విప్పకముందే తల్లి రసీదు చూపించింది.

"అమ్మాయీ, ఈ గ్రంథాలయం ఏందే? దానికి ఇరవై నాలుగు రూపాయలు కట్టామంట."

"లైబ్రరీ అమ్మా. పుస్తకాలు ఉండే చోటు."

"మనమెప్పుడు పోయాం అక్కడికి? పోనిదానికి పన్నెందుకు?"

కూతురు దగ్గర దానికి జవాబు లేదు.

జవాబు చట్టంలో ఉంది. 1960లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రంథాలయాల చట్టం చేశారు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా వసూలు చేయాలని అందులో ఉంది. ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయానికి కట్టాలి. 300 రూపాయలకు 24 రూపాయలు. తెలంగాణలో కూడా ఈ పన్ను ఉంది. పంచాయతీలు, మునిసిపాలిటీలు ఈ డబ్బు వసూలు చేస్తాయి. జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ కడతాయి. కట్టాలి మరి! చాలాచోట్ల వసూలైతే చేస్తున్నారు గానీ జమ కట్టటం లేదు. బకాయిలు పేరుకుపోతున్నాయి. అలాంటి చోట కొత్త పుస్తకాలు రావు, పేపర్లు ఆగిపోతాయి. "మన ఊరి గ్రంథాలయ పన్ను ఎంత వసూలైంది? ఎంత జమ కట్టారు?" అని గ్రామసభలో ఎవరైనా అడగవచ్చు. ఆడవాళ్ళూ అడగవచ్చు.

ఆ రాత్రి ఇంట్లో వేరే మాట వచ్చింది. కొత్త సెమిస్టరు పుస్తకాలకు 1,800 రూపాయలు కావాలని కూతురు అడిగింది. తండ్రి కంచం ముందు నుంచి తల ఎత్తలేదు.

"ఇప్పటిదాకా చదివింది చాల్లే. ఎరువుల బాకీ అట్లాగే ఉంది. పుస్తకాలు నేనెక్కడ తేను?"

కూతురు లేచి లోపలికి పోయింది. తల్లి గిన్నెలు తోముతూ ఆలోచించింది. గిన్నెలు బోర్లించి కూతురి పక్కన కూర్చుంది.

"మీ కాలేజీలో గ్రంథాలయం లేదా?"

"ఉందమ్మా."

"అక్కడ ఆ పుస్తకాలుండవా?"

"అడగలేదు."

"ఎందుకడగలేదే?"

పిల్ల మాట్లాడలేదు. పుస్తకాలు కొనుక్కోలేమని పదిమందిలో చెప్పటానికి సిగ్గు. ఆ సిగ్గు తల్లికి తెలుసు. రాత్రి బడికి మొదటిరోజు వెళ్ళినప్పుడు ఆమే గుమ్మం దగ్గర అరగంట నిలబడింది.

నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారం కాలేజీ లైబ్రరీలో పుస్తకాల ప్రదర్శన పెట్టారు. తల్లిదండ్రులను కూడా రమ్మన్నారు. తల్లి పాలు పోసేసి, ఉన్నంతలో మంచి చీర కట్టుకుని, కూతురితో బస్సెక్కింది.

లైబ్రరీ గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోయింది. లోపలి నుంచి లైబ్రేరియన్ మేడం చూసింది.

"పర్లేదమ్మా, చెప్పులతోనే రండి. సంచి మాత్రం అక్కడ పెట్టండి. ఈ రిజిస్టరులో పేరు రాయండి."

పేరు రాయమన్నారు. వేలిముద్ర వేయమనలేదు! తల్లి పెన్ను పట్టుకుంది. వెనక నలుగురు పిల్లలు వరుసలో ఉన్నారు. ఆమె మెల్లగా, ఒక్కో అక్షరం నొక్కి రాసింది. ఆ గడి చాలలేదు. పేరు చివర పక్క గడిలోకి పోయింది. ఆ గడిలో వచ్చిన టైము రాయాలట. టైము మేడం ఆ కిందే సర్ది రాసింది.

లోపల ఒక పెద్ద హాలు. పొడుగాటి బల్లలు. పిల్లలు తలలు వంచుకుని చదువుతున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. గోడ పక్కన ఇనుప బీరువాలు, వాటి నిండా పుస్తకాలు.

"ఇన్నిట్లో కావలసింది ఎట్లా దొరుకుతుంది మేడం?"

"మీ వంటింట్లో పప్పుల డబ్బా చీకట్లో కూడా దొరుకుతుంది కదా. దేని చోటు దానికుంటుంది. ఇక్కడా అంతే."

ప్రతి పుస్తకం వీపు మీద ఒక చీటీ అంటించి ఉంది. ఆ చీటీ మీద ఒక నంబరు ఉంది. 1876లో మెల్విల్ డ్యూయీ అనే అమెరికా ఆయన ఈ నంబర్ల పద్ధతి పెట్టాడు. వైద్యానికి 610. పశువులకు 636. వంటకు 641. మన దేశంలో చాలా లైబ్రరీలు ఈ పద్ధతే పాటిస్తున్నాయి. పూర్వం పుస్తకాల పేర్లు కార్డుల మీద రాసి చెక్క సొరుగుల్లో పెట్టేవారు. ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటరులో వెతుకుతారు.

"పశువులకు కూడా నంబరుందా? మా గేదెకు పొదుగు గట్టిపడింది. పాలు విరిగినట్టు వస్తున్నాయి. దాని గురించి ఉంటుందా?"

మేడం నవ్వలేదు. 636 దగ్గరికి తీసుకెళ్ళింది. ఒక తెలుగు పుస్తకం తీసి, పేజీ తిప్పి చేతికిచ్చింది. పైన పెద్ద అక్షరాలతో ఉంది: "పొదుగు వాపు". తల్లి నిలబడే చదవటం మొదలుపెట్టింది. పొదుగు వాస్తుంది, పాలలో గడ్డలు వస్తాయి. పాలు పితికే ముందు చేతులు, పొదుగు శుభ్రంగా కడగాలి. ఆలస్యం చేస్తే ఆ రొమ్ము ఎండిపోవచ్చు. వెంటనే పశువుల డాక్టరుకు చూపించాలి. ఆ నాలుగు మాటలు చదవటానికి పావుగంట పట్టింది. మర్నాడే గేదెను పశువుల ఆసుపత్రికి తోలుకెళ్ళింది. అది తర్వాతి సంగతి.

పుస్తకం మూసి తల్లి అసలు సంగతి అడిగింది. కూతురు చెయ్యి లాగుతున్నా ఆగలేదు.

"మేడం, మా పిల్లకు పుస్తకాలు కొనే తాహతు లేదు. ఏమన్నా దారుందా?"

ఉంది. దాని పేరు బుక్ బ్యాంకు. మామూలుగా ఆ కాలేజీలో పుస్తకాన్ని 14 రోజులకు ఇస్తారు. గడువు దాటితే రోజుకు ఇంతని జరిమానా వేస్తారు. బుక్ బ్యాంకు పుస్తకాలు అలా కాదు. డబ్బు లేని పిల్లలకు పాఠ్యపుస్తకాలను సెమిస్టరు అంతా ఉంచుకోనిస్తారు. పరీక్షలయ్యాక తిరిగి ఇవ్వాలి. షెడ్యూల్డు కులాల, తెగల విద్యార్థులకు ప్రభుత్వమే బుక్ బ్యాంకు పథకం పెట్టింది. ఎవరికి ఇస్తారు, ఎన్ని ఇస్తారు అనేది కాలేజీని బట్టి ఉంటుంది. నోటీసు బోర్డు మీద పెడతారు. అయినా అడిగితేనే తెలిసేది.

"దరఖాస్తు ఇవాళే రాయి. నిన్నటి దాకా ఎందుకు రాలేదు?" అని మేడం పిల్లను కసురుకుంది. పిల్ల కళ్ళు తుడుచుకుని రాయటానికి కూర్చుంది.

ఈలోగా తల్లి హాలంతా తిరిగి చూసింది. పాత పరీక్ష పేపర్లు కట్టలు కట్టి ఉన్నాయి. ఉద్యోగాల ప్రకటనలు పేపరులోంచి కత్తిరించి బోర్డు మీద అంటించారు. ఒక మూల పిల్లలు పేపరు చదివి క్విజ్ పోటీకి తయారవుతున్నారు. జాతీయ సేవా పథకం పిల్లలు ప్రదర్శన దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకు బొమ్మలు చూపిస్తున్నారు. ఈ పథకం 1969లో మొదలైంది. ఊళ్ళకు వచ్చి వారం రోజులుండి, రోడ్లు ఊడ్చి, మొక్కలు నాటే పిల్లలు వీళ్ళే.

ఒక బొమ్మలో కాలువ, కాలువలో పడవ. పడవలో పుస్తకాలు. తల్లి అక్కడ ఆగిపోయింది. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో ఇలాంటి లైబ్రరీ నడిపారు. పుస్తకాలే పడవెక్కి జనం దగ్గరికి వెళ్ళాయి.

"మరి ఈ గేదె పుస్తకం నాకిస్తారా?" అని తల్లి అడిగింది.

కాలేజీ లైబ్రరీ ఆ కాలేజీ వాళ్ళకే పుస్తకాలు ఇస్తుంది. బయటివాళ్ళకు ఇంటికివ్వరు. మేడం ఆ మాట దాచకుండా చెప్పింది. "మీ లైబ్రరీ వేరే ఉందమ్మా. బస్టాండు వెనక శాఖా గ్రంథాలయం. మీరు పన్ను కట్టేది దానికే."

మరుసటి వారం ఆమె పొదుపు సంఘంలో ఇద్దరిని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళింది. లోపలంతా మగవాళ్ళే. పేపరు చదువుతున్నవాళ్ళు తలలెత్తి చూశారు. ముగ్గురూ కాసేపు గుమ్మంలోనే నిలబడ్డారు. ఒక ముసలాయన బల్ల మీద కొంచెం జరిగి, మళ్ళీ పేపరులో తల పెట్టాడు. ముగ్గురూ వెళ్ళి కూర్చున్నారు.

అక్కడ కూర్చుని చదివితే డబ్బు కట్టక్కర్లేదు. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళాలంటే సభ్యత్వం ఉండాలి. కొంత డిపాజిట్ కట్టాలి. సభ్యత్వం మానుకుంటే ఆ డిపాజిట్ తిరిగి ఇస్తారు. ముగ్గురూ ఫారాలు తీసుకున్నారు. ఆమె ఈసారి పేరు గడి దాటకుండా రాసింది.

ఆమె తీసుకున్న పుస్తకం వెనక అట్ట లోపల ఒక చీటీ ఉంది. దాని మీద తిరిగి ఇవ్వాల్సిన తేదీ ముద్ర వేశారు. ఇంటికెళ్ళి ఆ తేదీని క్యాలెండరులో రాసుకుంది. కూతురు గ్యాస్ బండ తెచ్చిన తేదీ రాసే పేజీలోనే.

లెక్క చేయండి: ఒక ఇంటి పన్ను 450 రూపాయలు. రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఎంత? మీ ఇంటి రసీదు తీసి, అందులో ఎంత ఉందో చూసి, ఇక్కడ రాయండి.