నీలం చొక్కా, చెయ్యి తియ్యి!

సాయంత్రం ఆరు. కోఠి నుంచి పటాన్‌చెరు వెళ్లే 218 బస్సులో కాలు పెట్టే సందు లేదు. వెనక నుంచి ఓ చెయ్యి నడుముకు తగులుతుంది. బ్రేకు వేశారేమో అనుకుంటారు. మళ్లీ తగులుతుంది. ఈసారి బ్రేకు పడలేదు. ఇంకా అనుమానం దేనికి? అయినా చాలామంది బ్యాగు అడ్డం పెట్టుకుని, ఒళ్లు ముడుచుకుని, రెండు స్టాపుల ముందే దిగిపోతారు. వాడి ధైర్యమల్లా ఆ మౌనమే.

ఊరికే "ఏంటిది?" అంటే ఎవరికీ అర్థం కాదు. "నీలం చొక్కా! నా నడుం మీద చెయ్యి తియ్యి!" అనండి. ఎవడు, ఏం చేశాడు, రెండూ తెలిసిపోతాయి. తలలన్నీ వాడి వైపే తిరుగుతాయి. ఆ క్షణంలో గొంతు పెగలడం కష్టం. అందుకే ఇంట్లో తలుపేసుకుని గట్టిగా అని అలవాటు చేసుకోండి. అప్పటికీ మాట రాకపోతే తప్పు మీది కాదు. భయానికి ఒళ్లు బిగుసుకుపోవడం ఎవరికైనా సహజం. పక్కావిడ చెయ్యి పట్టుకుని "అక్కా, కాస్త ఇటు రానివ్వండి" అన్నా చాలు.

నేను ముఖ్యంగా అడిగేది తోటి ప్రయాణికులను. మీరు కొట్లాటకు దిగక్కర్లేదు. "ఇలా వచ్చి కూర్చో అమ్మా" అని సీటివ్వండి. ఇద్దరి మధ్యా వచ్చి నిలబడండి. కండక్టరును కేకేయండి. ఆమె దిగేలోపు మీ ఫోన్ నంబరు ఇవ్వండి. "నేను చూశాను" అనే మనిషి ఒక్కరున్నా కేసుకు బలం. "సర్దుకుపోమ్మా, ఎందుకొచ్చిన గొడవ" అనే పెద్దలు మాత్రం దయచేసి ఆ మాట అనకండి. ఆ పిల్ల ఇప్పటికే చాలా సర్దుకుంది.

అత్యవసరమైతే 112, రైల్లో 139. హైదరాబాద్‌లో ఇలాంటి వేధింపుల పని పట్టడానికి 2014 నుంచి షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు ఉన్నాయి. ఆడవాళ్ల మర్యాదకు భంగం కలిగించాలని ఒంటిమీద చెయ్యి వేస్తే భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్ కింద ఏడాదికి తగ్గకుండా, ఐదేళ్ల వరకు జైలు. అమీర్‌పేటలో జరిగినదానికి పటాన్‌చెరులో దిగాకైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. మా పరిధి కాదని పంపేయడానికి వీల్లేదు, జీరో ఎఫ్‌ఐఆర్ రాయాల్సిందే. బస్సు నంబరు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఇస్తున్న జీరో టికెట్‌ను కూడా, ఉచితమే కదా అని నలిపి పారేయకండి. దాని మీద తేదీ, సమయం ఉంటాయి.