ఎడారిలో ఆరోగ్యశాల

ఆస్ట్రేలియా ఖండమునకు నడుమ విశాలమైన ఎడారి కలదు. అచటి నేల ఎఱ్ఱగా నుండును. కనుచూపు మేర ఇసుకదిబ్బలును, ముండ్లగడ్డి పొదలును, అచ్చటచ్చట రాతికొండలును తప్ప వేఱొకటి కానరాదు. వాన ఎప్పుడు కురియునో ఎవరును చెప్పజాలరు. ఇట్టి చోట మనుష్యులెట్లు బ్రదుకుదురని క్రొత్తవారు ఆశ్చర్యపడుదురు. కాని ఈ ఎడారి పింటుపీలు అను ఆదిమవాసులకు పుట్టినిల్లు. ఏ బండ క్రింద నీటి ఊట కలదో, ఏ కాలమున ఏ గింజ పండునో, ఉడుము ఏ కలుగులో దాగునో వారికి తెలియును. ప్రతి కొండకును, ప్రతి చెలమకును ఒక పూర్వగాథ కలదు. దానికొక పాట కలదు. ఆ చోటును ఎవరు కాపాడవలెనో ఆ పాటయే తెలుపును. అందుచే పింటుపీలు తమ భూమిని కేవలము ఆస్తిగా చూడక, బంధువుగా భావింతురు.

యూరపు జాతివారు 1788లో ఆస్ట్రేలియా తూర్పుతీరమున వలస స్థాపించిరి. పింటుపీల ఎడారి మిక్కిలి దూరమున నుండుటచే అచటికి వారి రాక చాల ఆలస్యమయ్యెను. ఇరువదవ శతాబ్దపు నడిమి కాలమున పింటుపీలలో పెక్కుమంది ఎడారిని విడిచి, తూర్పుననున్న హాస్ట్స్ బ్లఫ్, పపున్యా అను ప్రభుత్వ నివాసములకు చేరిరి. అచట వారికి పిండి, చక్కెర, టీ పొడి లభించెను. కాని వేట లేదు, నడక లేదు. పలు భాషల వారు ఇఱుకు ఇండ్లలో గుమిగూడి యుండిరి. అలవాటు లేని రోగములు వ్యాపించి అనేకులు మరణించిరి. మిగిలినవారు పడమటి దిక్కు చూచుచు, తమ చెలమలను, కొండలను తలచుకొనుచు దినములు గడపిరి.

1971లో పపున్యాలో ఒక మార్పు వచ్చెను. ఒక చిత్రలేఖన ఉపాధ్యాయుని ప్రోత్సాహముతో అచటి పెద్దలు పాఠశాల గోడపై తేనెచీమల పూర్వగాథను చిత్రించిరి. అంతవరకు ఇసుకపైనను, దేహముపైనను గీయు గుర్తులను పలకలపై వేయనారంభించిరి. 1972లో ఆ చిత్రకారులే పపున్యా టూలా అను సంస్థను స్థాపించి, దానిని తమ సొత్తుగా నడుపుకొనిరి. చుక్కలతోను, వలయములతోను నిండిన వారి చిత్రములు క్రమముగా లోకప్రసిద్ధి నందెను. 1981లో పింటుపీలు తమ నేలకు తిరిగిపోయి కింటోర్ గ్రామమును నెలకొల్పిరి. కొలది కాలమునకు ఇంకను పడమరగా కివిర్‌కురా గ్రామము వెలసెను.

స్వస్థానమునకు చేరిరి గాని, రోగము వారి వెంట వచ్చెను. ఇఱుకు ఇండ్లలో బాల్యమున సోకిన చర్మవ్యాధులు, మారిన ఆహారము, మధుమేహము, రక్తపుపోటు — ఇవన్నియు కలిసి మూత్రపిండములను దెబ్బతీసెను. మూత్రపిండములు చూచుటకు పిడికెడంతే యైనను రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడకట్టి, రక్తములోని మాలిన్యమును వేఱుచేయును. అవి పూర్తిగా పాడైనచో విషము రక్తములో నిలిచిపోవును. అప్పుడు రక్తమును యంత్రము ద్వారా శుభ్రపఱుపవలెను. దీనినే డయాలిసిస్ అందురు. ఈ చికిత్స సాధారణముగా వారమునకు 3 మాఱులు, ఒక్కొక్క మాఱు 4 లేక 5 గంటలు జరుగవలెను. ఒక్కసారి చికిత్సకే నూఱు లీటర్లకు పైగా శుద్ధజలము కావలెను. మానివేసినచో రోగి కొలది దినములలో, లేదా కొలది వారములలో మరణించును.

ఈ యంత్రములు ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణములో ఉండెను. అది కింటోర్‌కు సుమారు 530 కిలోమీటర్ల దూరము. కివిర్‌కురాకు సుమారు 700 కిలోమీటర్లు. వారమునకు 3 మాఱులు అంత దూరము పోయి వచ్చుట ఎవరికిని సాధ్యము కాదు. కావున రోగి ఇల్లు విడిచి, జీవితాంతము పట్టణముననే యుండవలెను. అచట అతని భాష వినిపించదు. బంధువులు కానరారు. తలదాచుకొనుటకు చోటు దొరకుట కష్టము. రోగులలో చాలమంది పెద్దలే. వారు పట్టణమునకు పోయినచో గ్రామమున పాటలు నేర్పువారు లేరు, మనుమలకు చెలమలను చూపువారు లేరు. కొందఱు ఈ ఎడబాటునకు తాళలేక చికిత్స మాని, తమ నేలపై కన్నుమూయుటకు ఇంటికి మరలిపోయిరి. ప్రాణము కావలెనన్నచో ఊరు విడువవలెను. ఊరు కావలెనన్నచో ప్రాణము విడువవలెను. వారి ముందున్న దారులు ఈ రెండే.

“యంత్రమునే మా ఊరికి తేరాదా?” అని గ్రామపెద్దలు అడిగిరి. అది అసాధ్యమని అధికారుల అభిప్రాయము. ఎడారి నీటిలో ఖనిజ లవణములు అధికము. దానిని శుద్ధి చేయుట కష్టము. యంత్రము చెడినచో బాగుచేయువారు దగ్గఱలో లేరు. నర్సులు వచ్చి నిలుచుట అరుదు. కొలదిమంది కొఱకు ఇంత వ్యయమా యను ప్రశ్నయు ఉండెను. ఈ కారణములు అబద్ధములు కావు. కాని వానిని లెక్కించినవారు ఆ ఎడబాటును అనుభవించినవారు కారు.

అప్పుడు పింటుపీలు తమకు తెలిసిన విద్యనే ఆశ్రయించిరి. కింటోర్ పురుషులు ఒకటి, స్త్రీలు ఒకటి, కివిర్‌కురా పురుషులు ఒకటి, స్త్రీలు ఒకటి చొప్పున నాలుగు పెద్ద చిత్రములను కలిసి వేసిరి. ఎవరి నేల గాథను వారు, తమకు హక్కున్నంతవఱకు మాత్రమే చిత్రించిరి. ఇతర చిత్రములును వీనికి తోడయ్యెను. 2000వ సంవత్సరము నవంబరు నెలలో సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ చిత్రకళా ప్రదర్శనశాలలో వీనిని వేలము వేయగా 10 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా ధనము చేకూరెను. తమ భూమిని చిత్రించి ఆర్జించిన ధనమును, ఆ భూమికి రోగులను తిరిగి చేర్చుటకై వారు వినియోగింప నిశ్చయించిరి.

ధనము రాగానే పని ముగియలేదు. దానిని ఎట్లు వెచ్చింపవలెనో నిర్ణయించుటకు గ్రామస్థులే ఒక సంఘముగా ఏర్పడిరి. ఆ సంఘమునకు తమ భాషలో వారు పెట్టుకొన్న పేరునకు “మన కుటుంబముల వారినందఱిని బాగుచేయుట” అని అర్థము. వారు నీటిని శుద్ధి చేయు సాధనములను సమకూర్చుకొనిరి, నర్సులను కుదుర్చుకొనిరి, అధికారులతో పదే పదే మాటలాడిరి. తుదకు 2004లో కింటోర్ గ్రామమున మొదటి డయాలిసిస్ జరిగెను. అసాధ్యమనుకొన్న పని ఎడారి నడుమ, చిన్న చికిత్సాలయములో నెరవేఱెను.

ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఈ సంఘమునకు ఒక సాధారణమైన ఇల్లు కలదు. దాని రంగును బట్టి దానికి పర్పుల్ హౌస్, అనగా ఊదారంగు ఇల్లు, అని పేరు వచ్చెను. తరువాత ఆ పేరు సంఘమునకే స్థిరపడెను. అది ఆసుపత్రివలె కాక బంధువుల ఇంటివలె ఉండును. చికిత్స పొందువారి చెంత వారి కుటుంబము కూర్చుండును. పెరటిలో పొయ్యి వెలుగుచుండును. పెద్దలు తమ నేలనుండి తెచ్చిన ఆకులను నూఱి, కాచి లేపనములు తయారుచేయుదురు. ఆ లేపనములను అమ్మగా వచ్చిన ధనమును సంఘమునకే చేరును. డాక్టరు చికిత్సయు, తాతముత్తాతల వైద్యమును అచట పోటీ పడక ఒకే కప్పు క్రింద నడచును.

2011లో సంఘము ఒక పెద్ద లారీలో డయాలిసిస్ యంత్రములను అమర్చి గ్రామములకు పంపనారంభించెను. యంత్రము లేని ఊరి రోగియు, ఏటికొకసారి యైనను, పండుగకో, బంధువుల అంత్యక్రియలకో ఇంటికి పోయి కొన్ని దినములు గడపుటకు దీనివలన వీలు కలిగెను. 2018లో ఆస్ట్రేలియా ప్రభుత్వము, మిక్కిలి మాఱుమూల ప్రాంతములలో జరుగు డయాలిసిస్‌కు ప్రజారోగ్య బీమా నుండి ధనమిచ్చుటకు అంగీకరించెను. చిత్రకారుల వేలముతో మొదలైన పనిని దేశము తన బాధ్యతగా ఒప్పుకొనుటకు 18 ఏండ్లు పట్టెను. నేడు ఈ సంఘము దాదాపు ఇరువది మాఱుమూల గ్రామములలో చికిత్సాలయములను నడుపుచున్నది.

ఈ సంఘము ఒంటరిది కాదు. 1971లోనే సిడ్నీ నగరపు రెడ్‌ఫర్న్ పేటలో ఆదిమవాసులు తమ సొంత వైద్యశాలను తెఱచిరి. ఇతర ఆసుపత్రులలో అవమానము పొంది, రోగమున్నను గడప తొక్కుటకు జంకువారి కొఱకు అది పుట్టెను. 1973లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో కాంగ్రెస్ అను సంస్థ ఏర్పడి, కొలది కాలమునకు వైద్యసేవకు పూనుకొనెను. ఇప్పుడు అట్టి సంస్థలు ఆస్ట్రేలియాలో 140కి పైగా కలవు. వీని పద్ధతి ఒక్కటే. ఆ ప్రాంతపు ఆదిమవాసులే తమలోనుండి పాలకవర్గమును ఎన్నుకొందురు. డాక్టరు ఏ జాతివాడైనను కావచ్చును. కాని అతడు ఆ పాలకవర్గమునకు జవాబుదారి. ఏ రోగమునకు ముందు మందు కావలెనో, ఆసుపత్రి గుమ్మమున ఏ భాష వినిపింపవలెనో, మరణించువానిని ఎచటికి చేర్చవలెనో వారే నిర్ణయింతురు.

అన్ని కష్టములును తీఱెనని చెప్పరాదు. ఇండ్లకు తిరిగి రాగోరువారందఱికి సరిపడు యంత్రములు ఇంకను లేవు. కొందఱు వంతులవారీగా ఊరికి వచ్చి, మరల పట్టణమునకు పోవుచుందురు. నర్సులకు నివాసము దొరకనిచో చికిత్సాలయము కొన్నాళ్లు మూతపడును. డయాలిసిస్ ప్రాణమును నిలుపును గాని మూత్రపిండమును బాగుచేయదు. మంచి ఇల్లు, మంచి నీరు, మంచి ఆహారము లభించి బాలలకు ఆ రోగము రాకుండ చేయుటయే అసలైన చికిత్స. ఆ పని ఇంకను మిగిలియే యున్నది.

అయినను కింటోర్ గ్రామమున ఒక అవ్వ ఉదయము యంత్రము చెంత కూర్చుండి, సాయంకాలమున మనుమరాలి చేయి పట్టుకొని తన నేలపై నడువగలుగుచున్నది. చెలమ కథను చెప్పుచున్నది. ఆ కథ విన్న పిల్ల రేపు మఱియొకరికి చెప్పును. పింటుపీలు తమ చిత్రములను అమ్మి సంపాదించుకొన్నది ఈ సాయంకాలమును.

ప్రశ్నలు

1. పింటుపీలు తమ భూమిని బంధువుగా ఎందులకు భావింతురు?
2. మూత్రపిండ రోగుల ముందున్న రెండు దారులేవి? వారి స్థితిని వివరింపుము.
3. అధికారులు చూపిన కారణములేవి? గ్రామస్థులు వానిని ఎట్లు దాటిరి?
4. వైద్యశాల పాలన ఆ ప్రాంతపు ప్రజల చేతిలో నుండుటవలన కలుగు ప్రయోజనములను మీ సొంత మాటలలో వ్రాయుడు.