ఫ్యూజు - ఇంటికి కాపలా

ఇంట్లో ఉన్నట్టుండి దీపాలు ఆరిపోతాయి. "ఫీజు పోయింది" అంటాం. విసుక్కుంటాం. అసలు ఫ్యూజు ఎందుకు పోతుంది? అది పోవడం వల్ల మనకు మేలా, కీడా? తెలుసుకుందాం.

కరెంటు దారి

ఇంట్లోకి రెండు తీగలు వస్తాయి. ఒకటి ఫేజు. రెండోది న్యూట్రల్. ఫేజు నుంచి బల్బు గుండా న్యూట్రల్ దాకా దారి ఎక్కడా తెగకుండా ఉండాలి. అప్పుడే బల్బు వెలుగుతుంది. ఈ దారినే సర్క్యూట్ అంటారు. స్విచ్ ఆపితే దారి తెగుతుంది. బల్బు ఆరిపోతుంది.

సర్క్యూట్లు రెండు రకాలు

పండగలకు కట్టే పాతరకం సీరియల్ బల్బులు చూశారు కదా! బల్బులన్నీ ఒకే తీగకు పూలదండలా ఉంటాయి. కరెంటుకు ఒకటే దారి. అందుకే ఒక బల్బు మాడితే ఆ వరస మొత్తం ఆరిపోతుంది. ఇది మొదటి రకం. దీన్ని శ్రేణి అంటారు.

ఇంట్లో అలా కాదు. బల్బు మాడినా ఫ్యాను తిరుగుతుంది. పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువలు తీసినట్టు, ప్రతి వస్తువుకూ వేరే దారి ఉంటుంది. ఒక పిల్ల కాలువ మూసినా మిగతా వాటిలో నీళ్ళు పారతాయి. ఇది రెండో రకం. దీన్ని సమాంతరం అంటారు.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. పిల్ల కాలువలన్నీ ఒకేసారి తెరిస్తే పెద్ద కాలువ నిండిపోతుంది. గట్టు తెగుతుంది. తీగ సంగతీ అంతే. మోయగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు పారితే తీగ వేడెక్కుతుంది. పైనున్న ప్లాస్టిక్ తొడుగు కరుగుతుంది. నిప్పు అంటుకోవచ్చు.

లెక్క చూద్దాం

పారే కరెంటును ఆంపియర్లలో కొలుస్తారు. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు. వస్తువు మీద వాట్లు రాసి ఉంటాయి. ఆ అంకెను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి.

మిక్సీ 500 వాట్లు - సుమారు 2 ఆంపియర్లు
ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు - 4 ఆంపియర్లకు పైన
నీళ్ళు కాచే హీటర్ 1500 వాట్లు - ఆరున్నర ఆంపియర్లు

ఇస్త్రీ పెట్టె, హీటర్ ఒకే లైను మీద పెడితే దాదాపు 11 ఆంపియర్లు. చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లకే. హీటర్ ఒక్కటి పెట్టినా దానికి బరువే. హీటర్‌కు 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు వాడాలి.

ఫ్యూజు చేసే పని

ఫ్యూజులో సన్నని తీగ ఉంటుంది. కరెంటు ఎక్కువైతే ముందుగా అదే కరిగి తెగుతుంది. దారి ఆగిపోతుంది. గోడలోని తీగ క్షేమంగా ఉంటుంది.

ఒక ఇంట్లో ఫ్యూజు మాటిమాటికీ పోతోంది. కోడలు విసిగిపోయింది. "అత్తయ్యా, లావు తీగ మెలేసి కట్టేద్దాం. ఇక పోనే పోదు" అంది. పక్కింటి అమ్మాయి ఐటిఐలో కరెంటు పని నేర్చుకుంది. ఆ మాట విని, "వద్దు వదినా! ఫ్యూజు పోకపోతే గోడలో తీగ కాలుతుంది. ఇల్లే అంటుకోవచ్చు. పోవడమే దాని పని" అంది.

"మరి రోజూ చీకట్లో కూర్చోమంటావా?" అంది అత్త.

"ఎందుకు పోతోందో చూద్దాం పెద్దమ్మా" అంది ఆ అమ్మాయి. పొద్దున పూట హీటరూ ఇస్త్రీ పెట్టే ఒకే లైను మీద వాడుతున్నారు. హీటర్‌కు వేరే లైను, పెద్ద ప్లగ్గు వేయించారు. ఫ్యూజు పోవడం ఆగింది.

ఎంసిబి

ఇప్పుడు చాలా ఇళ్ళలో ఫ్యూజుకు బదులు ఎంసిబి పెడుతున్నారు. బరువు ఎక్కువైతే దానిలోని లోహపు రేకు వేడికి వంగి స్విచ్‌ను పడేస్తుంది. తొడుగు చిరిగి ఫేజు, న్యూట్రల్ ఒకదానికొకటి తగిలితే షార్ట్ సర్క్యూట్ అంటారు. అప్పుడు అయస్కాంతం క్షణంలో స్విచ్‌ను పడేస్తుంది. తప్పు సరిచేసి మళ్ళీ పైకి వేస్తే చాలు. కొత్త తీగ కట్టే పని లేదు.

ఒక్క మాట మరువకండి. ఫ్యూజు, ఎంసిబి ఉన్నాయని షాక్ భయం పోదు. ఒక ఆంపియర్‌లో పదో వంతు కరెంటు కూడా మనిషి ప్రాణం తీయగలదు. దానికి ఫ్యూజు తెగదు. షాక్ నుంచి కాపాడేందుకు ఆర్‌సిసిబి అనే వేరే పరికరం ఉంది. ఎర్తు తీగ కూడా తప్పనిసరి.

గుర్తుంచుకోండి

1. ఫ్యూజులో లావు తీగ కట్టవద్దు.
2. ఫ్యూజు ముట్టుకునే ముందు మెయిన్ ఆపాలి. చేతులు తడిగా ఉండకూడదు.
3. హీటర్ ఆపి, ప్లగ్గు తీశాకే నీళ్ళలో చెయ్యి పెట్టాలి.
4. ఫ్యూజు మళ్ళీ మళ్ళీ పోతుంటే పని తెలిసినవాళ్ళకు చూపించాలి.
5. స్తంభం మీది ఫ్యూజు జోలికి పోవద్దు. లైన్‌మన్‌కు చెప్పాలి.

ఆలోచించి చెప్పండి

1. ఇంట్లో ఒక బల్బు మాడినా మిగతావి ఎందుకు వెలుగుతాయి?
2. మీ ఇంట్లో ఏ వస్తువు మీద ఎన్ని వాట్లు రాసి ఉంది? చదివి పలక మీద రాయండి. ఒకేసారి వాడేవి కూడండి. 230తో భాగించండి.