ఆబోతును పెంచి వేలమున విక్రయించు విధము
(కళింగపట్నపు ప్రాంతమందలి భూవసతి గల రైతుల ఉపయోగార్థము)

కళింగపట్నము మొదలుకొని వంశధార పొడవునను గల గ్రామములలో మంచి కోడెదూడ పుట్టినచో, దానిని రెండు పళ్లు వేయకమునుపే సంతకు తోలుట వాడుక. కోటబొమ్మాళి చెంత నారాయణవలస సంతకైనను, విజయనగరము వైపున అలమండ సంతకైనను తోలుకొనిపోయిన రైతునకు, తుండుగుడ్డ చాటున వ్రేళ్లు పట్టి బేరమాడు దళారి ఎదురగును. ఆ చాటు బేరములో ఇరుప్రక్కలవారికిని నిజమైన ధర తెలియదు. దూడ తల్లి ఎన్ని పాలిచ్చెనో, తండ్రి ఏ ఆబోతో అడుగువాడు లేడు. అడిగినను చూపుటకు వ్రాత లేదు. అందుచేత విత్తనమునకు తగిన కోడెయు, బండికి మాత్రమే తగిన కోడెయు ఒకే ధరకు పోవుచున్నవి. ట్రాక్టర్లు వచ్చిన పిమ్మట దుక్కిటెద్దులకు గిరాకీ తగ్గినది. కావున మేలైన కోడెను విత్తనపు ఆబోతుగా పెంచి, వంశము చూపి, బహిరంగముగా అమ్ముటయే లాభము. అట్లు చేయు రీతి ఈ క్రింద వివరింపబడినది.

1. వంశమునకు గల విలువ

మన ఒంగోలు జాతి పశువులు పంతొమ్మిదవ శతాబ్దమున ఓడలపై బ్రెజిలు దేశమునకు పోయినవి. నెల్లూరు పేరిట వానిని అచ్చటివారు నెలోరి యందురు. 1938లో ఆ జాతికి వారు వంశావళి పుస్తకము తెరచిరి. 1960వ దశకమున మరల కొన్ని ఆబోతులను కొనిపోయిరి. వానిలో ఒకటి ఒంగోలు చెంతనున్న కరవది గ్రామము పేరిట ప్రసిద్ధికెక్కినది. 2023లో వియాతినా-19 అను నెలోరి ఆవునందలి మూడవవంతు హక్కు వేలమున సుమారు 70 లక్షల రియాలులకు పోయినది. ఆ లెక్కను ఆవు మొత్తపు విలువ 43 లక్షల డాలర్లకు పైబడినది. అంతటి ధర మన సంతలో రాదు. అయినను మూలము మన పశువే. తరతరముల ఎన్నికయు, దానిని నిలిపిన వ్రాతయు ఆ విలువను పెంచినవి.

2. జత కూర్చుట

మన ప్రాంతపు నాటు ఆవు చిన్నది. కొద్ది మేతతో బ్రదుకును. చూలు కట్టని చిన్న పెయ్యకు భారీ ఒంగోలు ఆబోతును దాటించినచో, ఈనిక సమయమున దూడ అడ్డుపడి తల్లికి ప్రాణాపాయము కలుగును. బాగుగ ఎదిగి, ఒకటి రెండు ఈతలు సుఖముగా ఈనిన ఆవునకే పెద్ద ఆబోతును దాటింపవలెను. ఆబోతును దాని కుమార్తెలపై దాటింపరాదు. మూడేండ్లకొకసారి ఆబోతును మార్చవలెను. గుంటూరు చెంతనున్న లాం పశుపరిశోధన స్థానమున ఒంగోలు మంద కలదు. మేలు విత్తనము కోరువారు తమ పశువైద్యుని ద్వారా విచారింపవచ్చును. సూదిచే చూలు కట్టించినచో, విత్తనపు గొట్టముపైని ఆబోతు సంఖ్యను వ్రాసికొనుట మరువరాదు.

3. దూడ పెంపకము

పుట్టిన గంట రెండు గంటలలోపల దూడకు జున్నుపాలు త్రావింపవలెను. మొదటి దినమున దూడ బరువులో పదవవంతు జున్నుపాలు అవసరము. ముప్పది కిలోల దూడకు మూడు కిలోలు. బొడ్డునకు టింక్చరు అయొడిను పూయవలెను. పశువైద్యుని సలహాపై ఏలికపాములకు మందు వేయవలెను. కోడెదూడయని పాలు తగ్గించి పితుకుకొనువారు, ఆ పాలతోపాటు ఆబోతునే అమ్ముకొనుచున్నారని యెరుగవలెను.

వరిగడ్డి కడుపు నింపును గాని కండ పెంచదు. వరి కోసిన చేల పిల్లిపెసర, జనుము చల్లి పచ్చిమేత సమకూర్చుకొనవలెను. చోడిగడ్డి, ఉడికించిన ఉలవలు, తెలకపిండి, చిట్టు, ఉప్పు, లవణ మిశ్రమము తగుపాళ్లలో ఈయవలెను. అమ్మకమునకు ముందు అతిగా క్రొవ్వించిన కోడె చూపునకు ఇంపుగా నున్నను దాటుటకు మందగించును. దినమునకొకసారి నడిపింపవలెను. మూడేండ్లు నిండిన పిమ్మట వారమునకు రెండుసార్లకు మించకుండ దాటింపవలెను.

గాలికుంటునకు ఆరు నెలలకొకసారియు, గొంతువాపు, జబ్బవాపులకు వానలకు ముందును టీకాలు వేయింపవలెను. ఊరిమందపై విడుచుటకు ముందు బ్రూసెల్లా అను ఈసుకుపోవు రోగమునకు రక్తపరీక్ష తప్పనిసరి. రోగమున్న ఆబోతు ఒకటి మందకంతకును చేటు.

4. పుస్తకము

ప్రతి దూడకు ఒక పుట కేటాయించి ఈ క్రింది సంగతులు వ్రాయవలెను.

(అ) పుట్టిన తేది, చెవికి వేసిన పన్నెండు అంకెల బిళ్ల సంఖ్య.
(ఆ) తల్లిదండ్రుల గుర్తులు.
(ఇ) తల్లి పాలు: నెలకొకదినము ఉదయము, సాయంత్రము కొలిచిన లెక్క.
(ఈ) టీకాలు, రోగములు, పరీక్షలు.
(ఉ) ఆరు నెలలకొకసారి కొలిచిన బరువు.

కాటా లేనిచోట బరువు నిట్లు కట్టవచ్చును. ముంగాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను అంగుళములలో కొలిచి, దానిని దానిచేతనే గుణింపవలెను. ఆ ఫలమును భుజపుటెముక మొదలు పిఱ్ఱ చివరి ఎముక వరకు గల నిడివిచే గుణించి, 300చే భాగింపగా పౌనులలో బరువు తేలును. చుట్టు 66, నిడివి 56 అయినచో సుమారు 813 పౌనులు, అనగా 369 కిలోలు. ఇది అంచనాయే, అయినను దళారి కంటి అంచనాకంటె నమ్మదగినది.

5. వేలము నడుపుట

ఒంటరి రైతు వేలము పెట్టలేడు. నాలుగైదు గ్రామముల రైతులు కూడి, ఏడాదికొక దినము నిర్ణయించుకొని, ముందుగా చాటింపవలెను.

(అ) పశువులకు వరుస సంఖ్యలు కట్టి, పాటకు ముందు ఒక పూట అందరును చూచుటకు నిలుపవలెను. పుస్తకము ప్రక్కన నుంచవలెను.
(ఆ) దూడ త్రాగిన పాలు, మేత, మందులు, కూలి లెక్కించి కనీసపు ధర నిర్ణయింపవలెను. పాట అంతకు రానిచో పశువును ఇంటికి తోలుకొనవచ్చును; అందు అవమానము లేదు.
(ఇ) పాటదారులచే ధరావతు కట్టింపవలెను. పాట పైకి వినబడవలెను. మూడుసార్లు పిలిచి కొట్టివేయవలెను.
(ఈ) తనవారిచేతనే పాట పెంచించు దొంగపాట కూడదు. ఒకసారి బయటపడినచో మరుసటి యేడు కొనువాడు రాడు.
(ఉ) కాలి లోపము, పొగరు మున్నగు దోషములను ముందుగానే చెప్పవలెను. వయస్సునకు పళ్లు సాక్ష్యము. రెండు పళ్ల కోడెను నాలుగు పళ్లదని చెప్పి నమ్మింపజాలరు.
(ఊ) రశీదుతోపాటు పుస్తకపు పుటకు నకలు ఈయవలెను.

కొన్న పశువును మూడు వారములు వేరుగా కట్టి, రోగము లేదని తేలిన పిమ్మటనే మందలో కలుపవలెను.

6. ముగింపు

దీనికి పెట్టుబడి ఒక పుస్తకము, ఒక కొలబద్ద, నెలకొక పూట శ్రమ మాత్రమే. ఈ యేడు పుట్టిన కోడెదూడకు నేడే పుట తెరచినచో, మూడేండ్ల పిమ్మట అది ఆబోతై వేలమునకు వచ్చునాటికి దాని ధరను నిర్ణయించుటకు దళారి తుండుగుడ్డ అక్కరలేదు. ఆ వ్రాతయే మాటాడును. అమ్మిన రైతునకు తగిన సొమ్మును, కొన్న ఊరికి మంచి దూడలును దక్కును.