పెరటి తంగేడు: విత్తనం మొలవకపోవడానికి కారణం

తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు మెట్ట చేల గట్లపై ఎవరూ నీరు పోయకుండానే పెరుగుతుంది. అదే గింజను పెరటిలో విత్తితే మొలవదన్న ఫిర్యాదు తరచుగా వింటాము. దానిని పుచ్చు విత్తనమని పారవేయడం పొరపాటు. గింజ పైపొర కఠినమై నీటిని లోపలికి పోనీయదు. మెట్ట ప్రాంతంలో ఇది మొక్కకు రక్షణ. తొలి జల్లుకే గింజలన్నీ మొలిచి, ఆపై వచ్చే బెట్టకు ఒక్కసారిగా నశించిపోవు.

కావున విత్తే ముందు పైపొరను గాయపరచాలి. ప్రయోగశాలలో ఇందుకు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడతారు. ఇండ్లలో దానిని ఎంతమాత్రం సిఫారసు చేయరాదు. గింజను గరుకు కాగితంపై రుద్ది రాత్రంతా నానబెట్టితే చాలును. ఉబ్బిన గింజలనే విత్తి, ఉబ్బనివాటిని మరల రుద్దాలి.

తొలకరిలో, సుమారు ఒక సెంటీమీటరు లోతున, మొక్క ఉండవలసిన చోటనే విత్తడం మేలు. తల్లివేరు త్వరగా దిగుతుంది గనుక ఎదిగిన మొక్కను పెకలించి నాటితే బ్రతకడం కష్టం. బెట్టను తట్టుకొనే శక్తి వేరు దిగిన తరువాతనే వస్తుంది; అంతవరకు మొలకకు తడి అందించాలి. చిక్కుడు కుటుంబానికి చెందినదే అయినా దీని వేళ్ళపై బుడిపెలు ఏర్పడవు. రైజోబియం పట్టించడం వృథా ఖర్చు.

బతుకమ్మ రోజులలో పూలకొమ్మలన్నీ విరిచివేస్తే ఆ పొదకు కాయ నిలవదు. విత్తనం కోరువారు కొన్ని కొమ్మలను వదిలి, ఎండి గోధుమ రంగుకు తిరిగిన కాయలనే కోయాలి.